దిగుడులో చెయ్యి

చయనులు మాస్టారికి ప్రశ్న అడిగిన చోటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవారిని ఏదో ఒక పనికి పురమాయించేవారు, లేదా తనే లేచి చెప్పులు వేసుకునేవారు. సంస్కృతం చెప్పే ఉద్యోగం ముగిశాక ఆయన పాడేరు ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట, కొండ వాలులో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆదివారాలు వచ్చినవారికి ఉపనిషత్తులు చెప్పేవారు. వచ్చేవారిలో ఎక్కువమంది పాఠం వినడానికి వచ్చేవారు. అనకాపల్లి జీడిపప్పు వ్యాపారి కాండ్రేగుల వరహాలరావు మాత్రం కారు తనే నడుపుకుంటూ, ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న పట్టుకునే వచ్చేవాడు.

ఆ ఆదివారం అతను పాఠం మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి, వాకిట్లో నిలిపిన కారును చూసి వచ్చాడు. కారు ఎక్కడికీ పోలేదు. అందరూ వెళ్ళాక అడిగాడు:

"ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ జరుగుతుంటే, చేసినవాణ్ణి మార్చాలా, ఓర్చుకోవాలా మాస్టారూ?"

"ఎవరి తప్పు?"

"మా డ్రైవరు పైడిరాజుదండి."

సంగతి ఇది. కారు విదేశానిది, ఖరీదైనది. గేర్లు వాటంతటవే మారే బండి. ఎక్కినప్పుడు గేరు రాడ్డును 'డి' అన్న అక్షరం దగ్గర పెడితే చాలు, ఆగేదాకా దాన్ని ముట్టుకునే పని లేదు. కొన్న ఏడాది బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు హైవే మీద గేరు మారేటప్పుడు, వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదిపింది. షోరూము వాళ్ళు కంప్యూటరు తగిలించి చూసి, గేరుబాక్సులో ఆయిలు మార్చి పంపారు. కొన్నాళ్ళు వెన్నలా నడిచింది. మళ్ళీ కుదుపు. ఈసారి గేరుబాక్సు విప్పి లోపలి క్లచ్ ప్లేట్లు మార్చారు. మళ్ళీ వెన్న, మళ్ళీ కుదుపు. ఇప్పుడు వరహాలరావు కారెక్కితే పాట వినడు, పక్కవాళ్ళతో మాట్లాడినా సగం మనసుతోనే మాట్లాడతాడు. కుదుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు. అది రాకపోతే ఎప్పుడొస్తుందోనని, వస్తే మళ్ళీ ఎప్పుడోనని.

క్రితం వారం షోరూము ఇంజనీరు అతన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "బండిలో లోపం లేదు సార్. నడుస్తుండగా ఎవరో రాడ్డు న్యూట్రల్లోకి తీసి, మళ్ళీ డిలోకి వేస్తున్నారు. ఆ దెబ్బకే ప్లేట్లు మాడిపోతున్నాయి. ఎన్నిసార్లు మార్చినా ఇంతే."

వరహాలరావు ఇంటికి వచ్చి పైడిరాజును నిలదీశాడు.

"ఎక్కినప్పుడు డి, దిగినప్పుడు పి. మద్దిలో నానెందుకు ముడతానండీ?" అన్నాడు పైడిరాజు.

"మరెవడు ముట్టుకుంటున్నాడురా? దెయ్యమా?"

"మీ బండి, మీ దెయ్యం. నాకేటి తెల్సు."

పైడిరాజు నోరు మొదటినుంచీ అంతే. పొద్దున్న ఆలస్యంగా వస్తాడు, అడిగితే బస్సును తిడతాడు. ఆ ఒక్క మాటతో అతని పని అయిపోయింది. వరహాలరావు కొత్త డ్రైవరును మాట్లాడేశాడు. పైడిరాజు సోమవారం వచ్చి తన దగ్గరున్న రెండో జత తాళాలు అప్పగించాలి. ఈ లోపల అతన్ని బండి తియ్యనివ్వలేదు.

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, దాని వెంట వచ్చే పేరు ఇంకో ఎత్తు. ఆటోమేటిక్ బండి గేరుబాక్సు మాడ్చేశాడన్న మాట కార్ల స్టాండు దాకా అప్పుడే వెళ్ళిపోయింది. ఇప్పుడు ఊళ్ళో కలవారి ఇళ్ళ ముందు ఉన్నవన్నీ అలాంటి బళ్ళే. ఆ పేరు పడ్డవాణ్ణి ఇంకెవరూ స్టీరింగు ముందు కూర్చోబెట్టరు. వరహాలరావుకి ఈ సంగతి తెలుసు. మార్చెయ్ అని మాస్టారు ఒక్కమాట అంటే మనసు కుదుటపడుతుందని అతని ఆశ.

మాస్టారు అంతా విని లేచారు. "కాఫీ పొడి అయిపోయింది. మినుములూరు దాకా వెళ్ళొద్దాం. నువ్వే నడుపు."

ఎక్కుడులో కారు ఒకచోట గట్టిగా కుదిపింది. "చూశారా! చూశారా!" అన్నాడు వరహాలరావు, దొంగ దొరికినంత ఆత్రంగా. చూశానన్నారు మాస్టారు. ఆ తర్వాత కొండ ఎక్కేదాకా సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగల కేసి చూస్తూ కూర్చున్నారు. మినుములూరులో కొట్టువాడు గింజలు వేయించి, మర పట్టి ఇచ్చేదాకా వరహాలరావు నిలబడలేకపోయాడు. కారు చుట్టూ తిరిగాడు. టైరును కాలితో తన్ని చూశాడు. వంగి బండి కిందికి చూశాడు. అక్కడ రోడ్డు తప్ప ఏమీ లేదు.

తిరుగు ప్రయాణంలో రోడ్డు కిందికి వంగింది. మాస్టారు కాఫీ పొట్లం ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి గేరు రాడ్డు మీద ఆనించారు. వరహాలరావు అది గమనించలేదు. అతను పైడిరాజు తప్పులు, తను వాడికి చేసిన మేళ్ళు ఏకరువు పెడుతున్నాడు. పెళ్ళికి కారు అడిగాడు, ఇచ్చాను. జ్వరమొస్తే నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "చేసిన తప్పు ఒప్పుకుంటే నేనేమైనా కొరుక్కు తింటానా మాస్టారూ? ఒప్పుకోడు. అదే నా బాధ." మొదటి మలుపు దాటింది. ఎదురుగా రోడ్డు నిటారుగా దిగుతోంది. వరహాలరావు ఎడమచెయ్యి స్టీరింగు వదిలి కిందికి వచ్చింది. వచ్చి, వెచ్చగా ఉన్న ఒక ముసలి చెయ్యి మీద వాలింది.

"ఏం కావాలి నాయనా?" అన్నారు మాస్టారు.

పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు వరహాలరావు. ఒక క్షణం అతనికేమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థం కానిదేమీ మిగల్లేదు.

అతని తండ్రి లారీ డ్రైవరు. పాడేరు సంతలో పసుపు, అల్లం ఎత్తుకుని ఇదే ఘాట్‌లో అనకాపల్లికి దించేవాడు. దిగుడు రాగానే న్యూట్రల్ చేసి వదిలేసేవాడు. "కొండే నడుపుతాది. ఆయిలెందుకు తగలెట్టడం?" అనేవాడు. అలా దిగడం ప్రమాదమని అందరూ అనేవారు, ఆయన నవ్వేవాడు. బడి లేనప్పుడు వరహాలరావును పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ పాత లారీ రొదలో మాట వినపడేది కాదు. న్యూట్రల్ చేసినప్పుడు మాత్రం రొద అణిగి, గాలి ఒక్కటే మిగిలేది. తండ్రి అతనితో ఏం మాట్లాడినా అప్పుడే మాట్లాడాడు. వరహాలరావు కార్లు కొన్నాడు, మార్చాడు, మళ్ళీ కొన్నాడు. చేతికి మాత్రం బండి మారిన సంగతి తెలియలేదు.

"మీకు ముందే తెలుసా అండీ?" అన్నాడు చివరికి.

"మొన్న కంటి ఆసుపత్రికి నువ్వే నడిపి తీసుకెళ్ళావు కదా. దిగుడు వచ్చినప్పుడల్లా నీ చెయ్యి ఇక్కడికొచ్చేది, చప్పుడు అణిగేది. హాయిగా నిద్ర పట్టింది."

"ఒక్కమాట అనొచ్చు కదండీ!"

"అది తప్పని నాకేం తెలుసు? ఇవాళ నువ్వు చెప్పాకే తెలిసింది." మాస్టారు రాడ్డు మీద నుంచి చెయ్యి తీసేసి పొట్లం సర్దుకున్నారు.

వరహాలరావు ఇక ఆగలేదు. తనను తాను తిట్టుకున్నాడు. పాపం పైడిరాజు అన్నాడు. ఆ ఇంజనీరు మాట తను సరిగా వినలేదన్నాడు. చచ్చినా ఇక ఆ రాడ్డు ముట్టుకోనన్నాడు. మలుపులు దాటుతూనే ఉన్నాయి, అతను చెబుతూనే ఉన్నాడు. "ఈ చేతిని నరికేసినా పాపం లేదు మాస్టారూ" అంటున్నవాడు చటుక్కున ఆగిపోయాడు. బండిలో రొద అణిగిపోయింది. గాలి ఒక్కటే వినిపిస్తోంది. ఎదురుగా 'డి' ఉండాల్సిన చోట 'ఎన్' వెలుగుతోంది.

అతను బ్రేకు తొక్కి, రోడ్డు వారగా బండి ఆపాడు. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టి, పరాయివాటిని చూసినట్టు చూశాడు. మాస్టారు ఏదైనా అంటే బాగుండునని వరహాలరావుకి అనిపించింది. ఊరుకోలేక ఫోను తీసి పైడిరాజుకి కలిపాడు.

"ఒరే పైడీ, రేపు తాళాలు ఇవ్వక్కర్లేదు. పనిలోకి రా."

"అదేటండీ? కొత్తోడు రానన్నాడేటి?"

"వాడి సంగతి వదిలెయ్. షోరూము వాళ్ళే పొరపాటు పడ్డారట. బండిలోనే ఏదో ఉందట."

"నాను సెప్తే ఇన్నారా?" అన్నాడు పైడిరాజు. "సరే, వత్తాను. మరి స్టాండులో నా మొకం మీదే నవ్వుతన్నారు. ఆళ్ళకేటి సెప్పమంటారు?"

"చూద్దాంలేరా. ముందు నువ్వు రా." వరహాలరావు ఫోను పెట్టేశాడు. అడగకుండానే మాస్టారితో అన్నాడు: "వాడి పని నిలబడిందండి."

"నిలబడింది. పేరు?"

జనంతో కిక్కిరిసిన జీపు ఒకటి హారను కొట్టుకుంటూ పక్కనుంచి దిగిపోయింది. దాని మోత లోయలో మలుపు తరవాత మలుపుగా చాలాసేపు వినిపించింది. అది పూర్తిగా అణిగేదాకా వరహాలరావు తల ఎత్తలేదు.

"చెబుతానండి. నా చెయ్యేనని చెబుతాను. ఫోనులో బాగోదు. రేపు వాణ్ణి వెంటబెట్టుకుని స్టాండుకే వెళ్ళి, అందరి ముందూ చెబుతాను. ఒట్టు."

మాస్టారు కాఫీ పొట్లం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"పొద్దున్నే వచ్చి నన్ను కూడా తీసుకెళ్ళు," అన్నారు. "పక్కన కూర్చుంటాను."