ఉత్తరేణిపాడు తలవంపులమ్మ

వెలిగొండల వాలున, ఉత్తరేణిపాడు పొలిమేరలో వెలసిన తలవంపులమ్మ గుడికి వచ్చే భక్తులకు మొదటి మనవి. ఇక్కడ పూలు అమ్మరు, తెచ్చినా గడప దాటనివ్వరు. అమ్మవారు తల వంచి, చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని దర్శనమిస్తారు. కొత్తవారు చూసి పెళ్ళికూతురి సిగ్గు అనుకుంటారు. సిగ్గు నిజమే, కాని అది మన మూలాన అమ్మకు వచ్చిన సిగ్గు.

పూర్వం ఇక్కడ అమ్మవారు తల ఎత్తుకొనే ఉండేవారు. పొలిమేరమ్మ అని పిలిచేవారు. అప్పుడు ఊరికి పెద్దకాపు బసివిరెడ్డి. అతని ఇంటికీ చేనుకూ పడమట, ఒక్క గట్టు అవతల, చనిపోయిన తమ్ముడి భార్య ఓబుళమ్మ చేను ఉండేది. దాని మీద అతని కన్ను పడింది. అడిగితే ఆమె ఇవ్వనంది. దానితో అతనికి పాడుబుద్ధి పుట్టింది. వాగు అవతల గింజ కట్టిన ఉత్తరేణిని, ముళ్ళతోటకూరను పీకి మోపు కట్టి, జనం లేవకముందే ఆమె చేలో దులిపి వచ్చేవాడు. పెద్దకాపు చేయవలసిన పనేనా అది!

మొక్కకు కాళ్ళు లేవంటారు గాని కలుపు పోయినంత దూరం మనిషి పోలేడు. తోటకూర గింజ వాననీటి వెంట పారుతుంది. ఉత్తరేణి గింజ పశువు తోకను, మనిషి పంచెను పట్టుకొని ప్రయాణం చేస్తుంది. రెండు వానలకే ఓబుళమ్మ చేను కలుపుతో నిండిపోయింది. ఆమె నడుము విరిగేలా పీకినా తరగలేదు. సాయపడవలసిన ఊరు ‘ఒళ్ళు వంగని మనిషి’ అని నోరు పారేసుకుంది.

కలుపు పూతకు వచ్చింది. ముళ్ళతోటకూర పూలకు సొగసు లేదు, వాసన లేదు. అవి తేనెటీగల కోసం చూడక తమ పుప్పొడిని గాలికే అప్పగిస్తాయి. పడమటి గాలి దాన్ని మోసుకొచ్చి మొట్టమొదట బసివిరెడ్డి ఇంట్లోనే పోసింది. అతని ముద్దుల మనవరాలు సుంకికి తుమ్ములు పట్టాయి. ఆపైన ఆయాసం, రొమ్ములో పిల్లికూతలు. ఊపిరి అందక బిడ్డ పెదవులు నల్లబడేవి.

‘మా మరదలే చేతబడి చేసింది’ అన్నాడు బసివిరెడ్డి. పెద్దకాపు మాట గదా, ఊరు ఇట్టే నమ్మింది. ఓబుళమ్మ పొలిమేరమ్మ ముందు ప్రమాణం చేయాలి, లేదా చేను వదిలి ఊరు దాటాలి అని తీర్పు చెప్పారు.

ఆమె తడిచీరతో నిలబడి, బిడ్డకు కీడు తలచి ఉంటే తన కళ్ళు పోవాలని ప్రమాణం చేసింది. తరువాత, “ఇప్పుడు నువ్వు చెయ్యి బావా” అంది. నేరం మోపినవాడు కూడా ప్రమాణం చేయడం ఆనవాయితీ. “తమ్ముడు పోయిన కాడి నుంచి నీ గట్టు తొక్కి ఎరగను” అన్నాడతను, అమ్మవారి ముఖం చూస్తూనే.

అతని కాళ్ళ దగ్గర కూర్చున్న సుంకి పంచె అంచు పట్టుకొని రొప్పుతూ అడిగింది. “తాతా, చిన్నవ్వ చేలో ముళ్ళు నీ పంచెకుండాయే! ఎప్పుడు పొయ్యొచ్చినావు?”

అంచు పొడవునా ఉత్తరేణి గింజలు. ఊళ్ళో ఓబుళమ్మ చేలో తప్ప ఆ మొక్క మరెక్కడా లేదు. బసివిరెడ్డి తల వాలిపోయింది. ఆమెను ఆడిపోసుకున్నవారందరూ తమ కాళ్ళ వంక చూసుకున్నారు. కాసేపటికి తలెత్తి చూస్తే అమ్మవారి తల వంగి ఉంది, కొంగు ముక్కుకు అడ్డం వచ్చి ఉంది. “ఛీ ఛీ, కన్నతల్లికి ఎంత తలవంపులు తెస్తిమి!” అని ఒక ముసలమ్మ ఏడ్చింది. అమ్మకు ఆ పేరే నిలిచింది. ఊరికి ఉత్తరేణి పేరు పడింది. అసలు పేరు ఏమిటో ఇప్పుడెవరికీ తెలియదు.

బిడ్డను బతికించమని ఏడుస్తూ నిద్రపోయిన బసివిరెడ్డికి అమ్మ కలలో కనిపించి, “గాలికి గట్లు తెలుసునట్రా? చల్లినవాడివి నువ్వే పీకు. పూత పట్టకముందే పీకు” అని ఆజ్ఞాపించింది. మర్నాడు అతను వెళ్ళి గట్టు దాటకుండా నిలబడ్డాడు. ఓబుళమ్మే అంది. “బిడ్డ కోసమైతే రా బావా. క్షమించమని అడిగేదానికైతే రావద్దు.”

అతను చేలోకి దిగాడు. అతని వెనుక ఒక్కొక్కరుగా ఊరంతా దిగింది, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక. కలుపు తగ్గిన కొద్దీ సుంకికి ఊపిరి తేలికపడింది. బసివిరెడ్డి మాత్రం బతికినన్నాళ్ళూ తలెత్తి నడవలేదని చెబుతారు.

నేటికీ జాతరనాడు భక్తులు తమ చేలో కాక పొరుగువారి చేలో, పూత పట్టని కలుపుమొక్కను వేళ్ళతో సహా పీకి తెచ్చి గుడి ముందరి గోతిలో వేస్తారు. ఈ మధ్య వచ్చిపడిన వయ్యారిభామ మొక్కనైతే వట్టిచేత్తో పట్టవద్దు, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. గడప దగ్గర అందరూ వంగి, బట్టల అంచులు చూసుకొని, అంటుకున్న గింజలను అక్కడి నిప్పుల కుండలో వేసి లోనికి పోవాలి. ఆయాసపడే పిల్లలను అమ్మ చల్లగా చూస్తుందని నమ్మకం. డాక్టరు మందు మానమని మాత్రం అమ్మ ఏనాడూ చెప్పలేదు.

పొరుగువాడి గట్టు మీద కలుపు విసిరే చెయ్యి లేనినాడు అమ్మ తల ఎత్తుతుందని పెద్దల మాట. నిరుడు జాతర మర్నాడు చూస్తే, గోయి దాకా నడవడానికి బద్ధకించి ఎవరో తమ మొక్కలను గుడి పక్క చేలోకి విసిరిపోయారు. అర్చకులమే వెళ్ళి ఏరి తెచ్చాము. ఆ పూట హారతి ఇస్తూ అమ్మ ముఖం చూడలేకపోయాము.

కనుక భక్తులారా, మీకు దండం పెడతాము, మొక్కను గోతిలోనే వేయండి.