మెషీన్ కంటికి పెట్టిన బొట్టు

బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో, పని బాగా వచ్చినా తప్పు ఒప్పుకోవడం మాత్రం రాని దయాకర్ అనే మెకానిక్ ఉండేవాడు. చేతిలో టీ ఒలికితే గ్లాసుది తప్పు అనేవాడు. ఆలస్యంగా వస్తే బస్సుది తప్పు అనేవాడు. ఆయన దృష్టిలో లోకమంతా తప్పులతో నిండి ఉండేది, తానొక్కడు తప్ప.

ఆ వర్క్‌షాపు యజమాని వీరాచారి. తాతల నాడు కొలిమి ఊదిన ఇంటివాడు. ఇప్పుడు ఆయన దగ్గర రెండు కంప్యూటర్ మెషీన్లు ఉండేవి. కొలతలు ఎక్కించి బటన్ నొక్కితే, ఇనుప పలకను మోస్తున్న టేబుల్ దానంతటదే జరిగి సరైన చోట ఆగేది. పైనుంచి డ్రిల్లు దిగి రంధ్రం చేసేది. ఆ పలకలు పంపుల కంపెనీకి వెళ్ళేవి. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగినా కంపెనీవాళ్ళు వెనక్కి పంపేవాళ్ళు.

రెండింటిలో కొత్త మెషీన్‌ను స్వరూప నడిపేది. అంతకుముందు చాలాకాలం ఆమె మూలనున్న బల్ల దగ్గర నిలబడి, ఆకురాయితో పలకల అంచులు నున్నగా రాకే పని చేసింది. వేళ్ళు కాయలు కాసాక, బతిమాలి, నేర్చుకుని, మెషీన్ దాకా వచ్చింది. ఆ చోటు అంటే ఆమెకు ప్రాణం.

దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున మెషీన్లకు సెలవు. అందరూ మెషీన్లను తుడిచి, పసుపు రాసి, బంతిపూల దండలు వేశారు. దయాకర్ కొత్త మెషీన్ పక్కనున్న మూత విప్పి లోపల తుడుస్తున్నాడు. అక్కడ పొడవాటి గాజు పట్టీ ఒకటి ఉంటుంది. దాని మీద కంటికి కనిపించనంత సన్నటి గీతలుంటాయి. టేబుల్ జరుగుతున్నప్పుడు ఒక చిన్న పరికరం ఆ గీతలను లెక్కపెడుతూ పోతుంది. టేబుల్ ఎక్కడుందో మెషీన్‌కు తెలిసేది దానివల్లే. ఒక రకంగా అది మెషీన్‌కు కన్ను.

‘అందరూ మెషీన్ తలుపుకే బొట్టు పెడతారు. కంటికి పెట్టేవాడు ఒక్కడూ లేడు’ అనుకున్నాడు దయాకర్. తడి కుంకుమ వేలికి అద్దుకుని ఆ గాజు పట్టీ నడుమ చిన్న బొట్టు పెట్టాడు. దండం పెట్టుకుని మూత బిగించాడు. తర్వాత కొబ్బరికాయల హడావిడిలో పడి ఆ సంగతే మరిచిపోయాడు.

పండుగ అయిపోయింది. స్వరూప మెషీన్ నడపడం మొదలుపెట్టగానే టేబుల్ ఒక్కసారిగా ఎగిరిపడింది. రంధ్రం పక్కకు పోయింది.

“దయాకరన్నా, టేబుల్ నడిమిట్లకు రాంగనే ఎగురుతుంది. అది దాటితే మళ్ల మంచిగనే పోతుంది” అంది స్వరూప.

“నేను చూస్త గద, నువ్వు పక్కకు జరుగు” అన్నాడు దయాకర్.

వేగం తగ్గించి చూశాడు. వైర్లు మార్చి చూశాడు. టేబుల్ చెప్పిన చోటికి ఎంత గట్టిగా లాక్కుపోవాలో మెషీన్‌కు చెప్పే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని గెయిన్ అంటారు. తగ్గిస్తే మెషీన్ బద్ధకిస్తుంది, మరీ పెంచితే వణుకుతుంది. దాన్నీ తగ్గించి చూశాడు, పెంచి చూశాడు. టేబుల్ ఎగరడం మానలేదు. విప్పగలిగినవన్నీ విప్పాడు గానీ ఆ పక్క మూత జోలికి మాత్రం పోలేదు. తాను స్వయంగా తుడిచి మూసిన చోట లోపం ఏముంటుంది!

పంపుల కంపెనీ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తోంది. వీరాచారి వచ్చి నిలబడ్డాడు.

“ఏందయ్యా, రోగం దొరికిందా?”

దయాకర్‌కు జవాబు దొరకలేదు. జవాబు దొరకనప్పుడు ఆయనకు ఎప్పుడూ ఎవరో ఒక మనిషి దొరికేవాడు.

“ఎవరో టేబుల్‌ను డ్యాష్ కొట్టిచ్చిన్రు సార్. లోపల దెబ్బ తాకింది” అన్నాడు.

ఎవరో అన్నాడు గానీ, ఆ మెషీన్ నడిపేది స్వరూప ఒక్కతే. అందరూ ఆమె వైపు చూశారు.

“నేను కొట్టియ్యలే సార్! నా పిల్లల మీద ఒట్టు” అంది స్వరూప.

“తెలువక తాకిచ్చినవేమో బిడ్డా. కొన్ని దినాలు మళ్ల బల్లకాడ ఉండు” అన్నాడు వీరాచారి.

 స్వరూప మళ్ళీ మూల బల్ల దగ్గరికి వెళ్ళి ఆకురాయి అందుకుంది. ఆ రోజంతా ఎవరివైపూ తల ఎత్తి చూడలేదు. ఆమెకు చాలా అవమానంగా ఉండింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలతో బయటికి వెళ్ళారు. ఇక చూడాల్సింది ఏమీ మిగలక దయాకర్ ఆ పక్క మూత విప్పాడు. గాజు పట్టీ నడుమ ఎర్రగా కుంకుమ బొట్టు. లెక్కపెట్టే పరికరం ఆ బొట్టు దగ్గరికి రాగానే గీతలు కనబడక తడబడుతోంది. లెక్క తప్పిన మెషీన్ కంగారుపడి టేబుల్‌ను లాగుతోంది. రోగం అదే.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. మెత్తటి గుడ్డను స్పిరిట్‌తో తడిపి బొట్టును తుడిచేశాడు. తాను మార్చిన అంకెలన్నీ మళ్ళీ ముందున్నట్టే పెట్టాడు. టేబుల్ ఎక్కడా తడబడకుండా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది.

వీరాచారి సంబరపడిపోయాడు. “శభాష్! ఏం జేసినవ్?”

అప్పుడైనా దయాకర్ నిజం చెప్పి ఉండవచ్చు.

“గెయిన్ పెంచిన సార్. ఒకటికి ఒకటిన్నర చేసిన. దెబ్బ తాకినా తట్టుకుంటది ఇగ.”

మెషీన్ బాగుపడింది, ఆ అబద్ధంతో దయాకర్ పేరు నిలబడింది, స్వరూప బల్ల దగ్గరే ఉండిపోయింది. ఆ మెషీన్‌ను వీరాచారే నడపసాగాడు.

కొన్ని రోజులకు దయాకర్ చుట్టాల పెళ్ళికని సిద్దిపేట వెళ్ళాడు. వీరాచారి పాత మెషీన్ ముందు కూర్చుని ఆలోచించాడు. ‘దెబ్బ తగిలిన మెషీనే గెయిన్ పెంచితే అంత చక్కగా నడుస్తుంటే, ఇది ఇంకెంత బాగా నడుస్తుందో!’ అనుకున్నాడు. పాతదాని గెయిన్ కూడా ఒకటికి ఒకటిన్నర చేసి బటన్ నొక్కాడు. టేబుల్ వణికింది. వర్క్‌షాపంతా అదిరేలా ఊళ పెట్టింది. ఆయన మెషీన్‌ను ఆపే ఎర్ర బటన్ నొక్కేలోపే డ్రిల్లు ముక్కలైంది. టేబుల్‌ను నడిపే మరచుట్ల కడ్డీ బేరింగు పగిలిపోయింది. పాత మెషీన్ మూలన పడింది.

దయాకర్ తిరిగి వచ్చేసరికి వీరాచారి దాని పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“నువ్వు చెప్పినట్టే చేసిన దయాకర్. ఆడ పన్జేసింది, ఈడ ఇరగ్గొట్టింది. నేనే అంకె తప్పు కొట్టినట్టున్న. వయసు మీద పడ్డది. ఇగ మెషీన్ ముట్టొద్దు నేను” అన్నాడు.

దయాకర్ ‘అవును సార్’ అంటే చాలు. విషయం అక్కడితో ముగిసిపోయేది. కానీ చెట్టంత మనిషి తన చేతులను తానే అనుమానంగా చూసుకుంటున్నాడు. మూలన ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. దయాకర్‌కు మొదటిసారి తన మీద తనకే సిగ్గేసింది.

“తప్పు మీది కాదు సార్” అన్నాడు. “నేను గెయిన్ పెంచనే లేదు. అబద్ధం చెప్పిన. గాజు పట్టీకి బొట్టు పెట్టింది నేనే, తుడిసింది నేనే. స్వరూప డ్యాష్ కొట్టియ్యలే.”

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

వీరాచారి మెల్లగా అన్నాడు: “బొట్టు పెడితే పెట్టినవ్, భక్తి అనుకుంట. కాని నువ్వు చెప్పిన అబద్ధాన్ని నిజమనుకొని, తీసుకపోయి మంచి మెషీన్‌ల పెట్టిన గదయ్యా!”

దయాకర్ స్వరూప దగ్గరికి వెళ్ళాడు. “చెల్లే, మెషీన్ కాడికి రా. మాఫ్ చెయ్యి” అన్నాడు.

స్వరూప ఆకురాయి కింద పెట్టలేదు. “గాజు మీది మచ్చ గుడ్డతోని తుడిసినవన్నా. అందరి ముంగట నా మీద ఏసినవ్ గద, దాన్ని ఎట్ల తుడుస్తవ్?” అంది.

సాయంత్రం టీ వేళకు అందరూ గుమిగూడారు. దయాకర్ వాళ్ళ నడుమ నిలబడి, బొట్టు పెట్టిన దగ్గర నుంచి బేరింగు పగిలిన దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. కొందరు నవ్వారు. ఒకడు ‘కంటికి కాటుక గూడ పెట్టకపోయినవా’ అన్నాడు. దయాకర్ తల వంచుకుని అన్నీ పడ్డాడు. అంతా విన్నాక స్వరూప ఆకురాయిని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని తన మెషీన్ దగ్గరికి నడిచింది.

తప్పును గుట్టుగా సరిదిద్దితే చాలదు, నాదే అని ఒప్పుకోవాలి. ఒప్పుకోని తప్పు ఏదో ఒకనాడు ఏ పాపం ఎరుగని వాళ్ళ నెత్తిన పడుతుంది.