వెయ్యిన్నొకటో ప్రమిద

అనగనగా ఏటి ఒడ్డున కుండలు చేసేవాళ్ళ ఊరొకటి ఉండేది, బంగారూ. ఆ ఊళ్ళో నూకాలు అని నీ అంత పిల్ల.

కార్తీకంలో ఊరంతా కలిసి ఏటికి దీపాలు పెట్టేవాళ్ళు. దానికో కట్టడి ఉంది. ప్రమిదలన్నీ సమానమైన గుంపులుగా పేర్చాలి. ఒకటి మిగిలిందా, దాన్ని వెలిగించకుండా ఏట్లో పారేయాలి.

ఆ ఏడు నూకాలు వాళ్ళమ్మ అప్పలకొండ వెయ్యి ప్రమిదలు చేసింది. నూకాలు ఒక్కటి చేసింది. తను చేసిన మొదటి ప్రమిద అదే. మూతి వంకర, అడుగు సొట్ట. అయినా అదంటే దానికి ప్రాణం.

అప్పుడు మొత్తం ఎన్ని? వెయ్యిన్నొకటి! రేపు పలక మీద రాసి చూడు. అటొకటి, ఇటొకటి, నడుమ రెండు సున్నాలు. ఎటునుంచి చదివినా అదే. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ పంచబోతే మహా మొండిది.

ఊరిపెద్ద సూరన్న తాత ముందు జతలు పేర్చాడు. ఒకటి మిగిలింది. ఆ తర్వాత నాలుగేసి చొప్పున పుంజీలు పెట్టాడు. మళ్ళీ ఒకటి. ఆ తర్వాత ఐదేసి చొప్పున చేతులు లెక్కేశాడు. మళ్ళీ అదే ఒకటి! జత, పుంజీ, చెయ్యి తప్ప ఆ ఊరికి ఇంకో లెక్క తెలీదు మరి.

"ఇది ఒంటి సంఖ్య. ఎవరికీ లొంగదు. ఆ వంకరది పారేయండి, నిండుగా వెయ్యి అవుద్ది" అన్నాడు తాత.

"పోనీవే, వచ్చే ఏడు మంచిది చేద్దువు" అంది అప్పలకొండ.

నూకాలు ప్రమిదని పావడాలో దాచేసింది. "మూడు లెక్కలకి లొంగకపోతే ఇంక దేనికీ లొంగదా తాతా? నేను రేవు మెట్లనడుగుతాను."

"ఓలమ్మో! మెట్లు లెక్క చెప్తాయంట!" అని తాత పడీపడీ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు.

ఆ రేవుకి ఏడు మెట్లు. ఒక్కోటీ అరుగంత వెడల్పు. నూకాలు కింది మెట్టు మీద ఒకటి పెట్టింది, దాని పైమెట్టు మీద ఒకటి, అలా ఏడో మెట్టు దాకా. మళ్ళీ కిందికొచ్చింది. ఎక్కింది, దిగింది, ఎక్కింది. నవ్వినవాళ్ళే బుట్టలు అందించారు.

ఆఖరి సారి బుట్టలో ఆరే ఉన్నాయి. ఆరో మెట్టుకి బుట్ట ఖాళీ. ఏడో మెట్టు మీద ఒక్క చోటు బోసిగా ఉండిపోయింది.

"ఇప్పుడు పారేద్దామా తాతా?" అంది నూకాలు.

"పారేస్తే ఆ చోటుకెవరే? ఇలా తే!" అని తాత చెయ్యి చాపాడు. నూకాలు ఇస్తుందా? తనే ఎక్కి పెట్టింది.

ఆ తర్వాత ఆడవాళ్ళు ఏ మెట్టువి ఆ మెట్టు మీదే సర్దారు. ఒక్కో మెట్టు మీదా పదమూడేసి చొప్పున పదకొండు వరసలు! ఎక్కడా ఒక్కటీ మిగల్లేదు. ఏడు, పదకొండు, పదమూడు. వెయ్యిన్నొకటికి ఈ మూడే సొంత చుట్టాలు. చుట్టాలెవరో వెతక్కుండానే ఒంటిదని పేరు పెట్టేశారు పాపం.

ఏంటీ, వెలిగించాక వంకర మూతిలోంచి నూనె కారలేదా అంటావా? కారింది. కారితే అప్పలకొండ మళ్ళీ పోసింది.

జతకి చిక్కలేదు, పుంజీకి దక్కలేదు,
చెయ్యి చాపినా చేతికి రాలేదు,
ఏడు మెట్లెక్కి వచ్చింది వెలుగులోకి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దట్లోకి!