చెంగప్ప కాలు ఫెయిన్

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, చెంగప్ప అనే ముంగిస ఉండేవాడు. ఈ కథ అడవంతా తిరిగి చెప్పింది చెంగప్పే. తన మీద తానే నవ్వుకుంటూ చెప్పేవాడు.

వానలు ముంచుకొస్తున్నాయి. వాగు పొంగితే బొరియలన్నీ మునిగిపోతాయి. అందుకని ఎవరి బొరియ ముందు వాళ్లు కాలవ తవ్వుకోవాలని ముళ్లపంది సూరమ్మ పిన్ని అందరికీ చెప్పింది. చెంగప్పకేమో మట్టిపనికి ఒళ్లు వంగదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, బంగళాలో పెరిగొచ్చిన చిలక అతనికి రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్పింది. నొప్పిని పెయిన్ అంటారంది. ఇంకోటి ఫెయిన్.

"ఫెయిన్ అంటే లేనిది ఉన్నట్టు నటించడం. ఇది పుస్తకాల్లో మాట. రాజుగారు నిద్ర ఫెయిన్ చేశారని రాస్తే, కళ్లు మూసుకుని చెవులు తెరుచుకున్నారన్నమాట" అంది చిలక.

చెంగప్ప మురిసిపోయాడు. రాజులు చేసే పని తను మాత్రం ఎందుకు చెయ్యకూడదు? మర్నాడు కాలు పట్టుకుని మూలుగుతూ, కాలు పెయిన్ అని చిలకతో కబురు పంపబోయాడు. నాలుక మడతపడి, "చెంగప్పకి కాలు ఫెయిన్ అని చెప్పు" అన్నాడు. చిలక ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. ఫెయిన్ అంటే ఏమిటో చిలక అడవంతటికీ నేర్పిందని మన పండితుడికి తెలియదు. తవ్వుతున్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

రెండోరోజు నడుం ఫెయిన్. మూడోరోజు తల ఫెయిన్. పిన్ని బోలెడంత జాలి మొహం పెట్టి, దొప్పెడు చేదు కషాయం తాగించి వెళ్లింది. ఆవిడా ఫెయిన్ చేస్తోందని అతనికి తట్టనే లేదు.

నాలుగోరోజు జడివాన. కాలవ లేనిది ఒక్క చెంగప్ప బొరియ ముందే. నీళ్లన్నీ అతని బొరియలోకే దారి తీశాయి. బయటికి ఉరకబోతే మట్టి జారి, రాయి కాలి మీద పడింది. నీళ్లు మెడదాకా వచ్చేశాయి.

"ఫెయిన్! ఫెయిన్!" అని అరిచాడు. ప్రాణం పోతున్నా ఇంగ్లీషే!

పక్క బొరియలో పిన్ని ఆ అరుపు విని, ఇవాళ కూడా ఫెయినేనట అనుకుని పిల్లల్ని జోకొడుతూ కూర్చుంది.

నీళ్లు ముక్కుకి తగిలాయి. ఆ భయంలో రాజులూ ఇంగ్లీషూ అన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మా, నొప్పి... పిన్నీ, నిజంగా నొప్పి!" అని ఏడ్చాడు.

పిన్ని గుండె ఝల్లుమంది. ఒక్క ఉరుకున వానలోకి వచ్చింది. ఎలుగుబంటి మామని కేకేసి రాయి తీయించింది. చెంగప్ప బతికాడు. పెయిన్ అనబోయి అతను రోజూ ఫెయిన్ అన్నాడని ఆవిడ అప్పుడు విడమరిచి చెబితే, సిగ్గుతో మళ్లీ మట్టిలోకి దూరబోయాడు.

ఆ కాలు కొంచెం కుంటుగానే ఉండిపోయింది. ఎందుకు కుంటుతున్నావని ఎవరైనా అడిగితే ఇలా చెప్పేవాడు.

"అబద్ధమాడబోయి, పలకడం చేతకాక మూడు రోజులూ నిజమే చెప్పాను. అబద్ధానికి కూడా చదువుండాలి నాయనా, నాకు లేదు. అందుకే కాలవ తవ్వుకుంటున్నాను."

నీతి: లేని నొప్పికి మూలిగినవాడు, ఉన్న నొప్పిని నమ్మించడానికి ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు.