పేరిందేవి కుట్టిన మొదటి బొంత

అనగనగా ఒక రేవు పట్నం. దాని పేరు ముత్యాలరేవు. అక్కడ ముత్యాలు దొరికేవా అని అడగకండి. దొరికేవి ఉప్పూ, ఎండుచేపలూనూ. చెప్పేవాడికి నోరు ఒక్కటే, వినేవాళ్ళకు చెవులు రెండు. కాబట్టి మాటకు అడ్డం రాకుండా వినండి.

ఆ పట్నంలో గంగిశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అతని తల్లి ఆదెమ్మ. ఆమె గొంతు విప్పిందంటే వీధి చివర కుక్క కూడా తోక ముడిచేది. గంగిశెట్టి భార్య పేరిందేవి, నెమ్మదస్తురాలు. ఆమెకు పండంటి మగబిడ్డ కలిగాడు. ఇంటింటికీ చక్కెర పంచారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. బిడ్డకు మొదటి బొంతను కన్నతల్లే తన చేత్తో కుట్టాలి. కొత్తబట్ట పనికిరాదు. ఇంటివాళ్ళు కట్టి విడిచిన మెత్తని పాతబట్టల్లోంచి తలా ఒక పేలిక తీసి అతకాలి. బారసాల నాడు ఆ బొంతను నలుగురిలోనూ పరుస్తారు. ఇంటి పెద్దామె ఒక్కొక్క అతుకు మీదా చెయ్యి వేసి, అది ఎవరి బట్టో చెప్పి, "వారంత ఆయువు పోసుకో" అని బిడ్డను దీవిస్తుంది.

పేరిందేవి అంతవరకూ సూది పట్టి ఎరగదు. భయపడుతూనే అత్తగారి దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, పాతబట్టలు ఎక్కడున్నాయండీ?"

"అటక మీద మూట ఉంది, తీసుకో. ఊరికే నన్ను అడక్కు. నాకు వంద పనులున్నాయి!" అంది ఆదెమ్మ.

పేరిందేవి నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. మిట్టమధ్యాహ్నమే అయినా అక్కడంతా చీకటి. చేతికి ఒక మూట తగిలింది. ముడి పక్కనుంచి గుడ్డ చెంగు ఒకటి బయటికి వచ్చి ఉంది. తడిమి చూస్తే వెన్నలా ఉంది.

"ఇంత మెత్తని గుడ్డ నా బాబు బుగ్గ కిందే ఉండాలి" అనుకుని, కత్తెరతో అరచేతి మేర కత్తిరించింది. పక్కనే ఇంకో మూట తగిలింది. మిగిలిన పేలికలు అందులోంచి ఏరుకుని కిందికి దిగింది.

ఇక రాత్రిళ్ళు దీపం వెలుతురులో కుట్టు మొదలైంది. చీమల బారులా సాగవలసిన కుట్టు పీత నడకలా పక్కకు పోయింది. వేళ్ళన్నీ సూదిపోట్లే. అయినా విడవకుండా, పాత నూలుచీర పొరల మీద పేలికలన్నీ పరిచి, బారసాల రేపనగా బొంత పూర్తి చేసింది. మురిసిపోతూ పెరట్లో ఎండకు వేసింది.

ఎండ తగలగానే బొంత మధ్య ఎర్ర పేలిక తళుక్కున మెరిసింది. అది నూలు కాదు, పట్టు! అంచున జరీ పోగు కూడా ఉంది!

పనిమనిషి నూకాలు అటుగా వచ్చి, చూసి, చేతిలో చేట వదిలేసింది. "అయ్యయ్యో చిన్నమ్మగోరూ! ఎంత పని చేశారు! ఇది పెద్దమ్మగోరి పెళ్ళి చీర! చచ్చిపోయాక మీద కప్పి సాగనంపమని దాచుకున్నారు. మూట కట్టిందగ్గర్నించీ ఎవర్నీ ముట్టనివ్వలేదు. ముట్టినోళ్ళు ఎవరైనా సరే ఈ గడప దాటి పోవలసిందేనని దీపం ముట్టుకుని ఒట్టేశారు!"

పేరిందేవి గుండె జారిపోయింది. ఆ పేలిక విప్పితే బొంతకు చిల్లు, విప్పకపోతే కాపురానికి చిల్లు. పసిబిడ్డను చంకనేసుకుని ఎక్కడికి పోతుంది?

భర్తతో చెప్పింది. గంగిశెట్టి ముఖం పాలిపోయింది. "ఊరుకో, ఊరుకో! ఆ పేలిక మీ పుట్టింటి నుంచి వచ్చిందని చెప్పు. చిన్న అబద్ధమేగా!" అని గుసగుసలాడి, పనుందంటూ బజారుకు పారిపోయాడు. తల్లి ముందు నిలబడే ధైర్యం అతగాడికి ఎన్నడూ లేదు.

నూకాలు ఆమె చెవిలో చెప్పింది. "ఎలకలు కొట్టేస్తే ఆ ముక్క కింద పడి దొరికిందని చెప్పండమ్మగోరూ. ఎలకల మీద ఎన్ని నిందలు లేవు, అందులో ఇదొకటి."

పేరిందేవి వంటింట్లో ఒంటరిగా కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ ఉంటే, కుండల చాటునుంచి నిజంగానే ఒక ఎలుక బయటికి వచ్చింది.

"కోడలమ్మా, నా మీద నింద వేసేటప్పుడు నన్నొక మాట అడగొద్దా?" అంది.

పేరిందేవి ఉలిక్కిపడి గోడకు అంటుకుపోయింది.

"భయపడకు. కత్తెర కోత తిన్నగా ఉంటుంది, మీ అత్త నమ్మదు. ఒక బెల్లం ముక్క పెట్టు. ఆ చీర అంచు అచ్చం ఎలుక కొట్టినట్టే కొరికిపెడతాను. సాక్ష్యం సంగతి నాకు వదిలేయ్" అంది ఎలుక.

పేరిందేవికి ప్రాణం లేచి వచ్చింది. బెల్లం కుండలో చెయ్యి పెట్టింది కూడా! "తర్వాత ఎవరికీ చెప్పవు కదా?" అని అడిగింది.

"రోజూ ఇంత బెల్లం పెడుతూ ఉంటే ఎందుకు చెబుతాను? పండగలకు కొబ్బరి ముక్క మరిచిపోకు" అంది ఎలుక మీసాలు దువ్వుకుంటూ.

పేరిందేవి చెయ్యి కుండలోనే ఆగిపోయింది. "ఒక్క అబద్ధానికి రోజూ మేత వెయ్యాలా! ఈవేళ బెల్లం, రేపు కొబ్బరి, ఎల్లుండి ఇంకేం అడుగుతుందో!" అనుకుంది. తన చెయ్యి అంతవరకూ వెళ్ళినందుకు తనకే ఒళ్ళు జలదరించింది. చెయ్యి తీసేసి, కుండ మీద మూత పెట్టి, "పో అవతలికి!" అంది. ఎలుక నివ్వెరపోయింది. లంచం అడిగితే కాదన్న మనిషిని అది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

తెల్లవారింది. బారసాలకు పేరంటాళ్ళు వచ్చారు. బొంత పరిచి బిడ్డను పడుకోబెట్టారు. ఆదెమ్మ ఒక అతుకు మీద చెయ్యి వేసి, "ఇది మీ నాన్న తలపాగా. వాడంత ఆయువు పోసుకో" అంది. రెండో అతుకు ముట్టి, "ఇది మేనత్త చీర. దానంత ఆయువు పోసుకో" అంది. మూడోసారి ఆ చెయ్యి ఎర్ర పేలిక వైపు కదిలింది.

"అత్తయ్యా!" అంటూ పేరిందేవి ఆమె కాళ్ళ మీద పడింది. "అది అడిగి తెచ్చింది కాదు. చీకట్లో పొరపాటున మీ పెళ్ళి చీర చెంగు కత్తిరించాను. అరచేతి మేర, అంతే. మీరు పొమ్మంటే పోతాను. బిడ్డకిచ్చే దీవెనలో మాత్రం అబద్ధం కలపలేను."

పేరంటాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఆదెమ్మ ముఖం కందగడ్డ అయింది. "తెండి ఆ మూట!" అని అరిచింది.

నూకాలు పరుగున తెచ్చింది. ఆదెమ్మే ముడి విప్పి, చీర రెండు చేతులా పట్టుకుని దులిపింది.

పర్రుమంది చీర! మడత దగ్గర నిలువునా చిరిగింది. ఇంకో చోట పట్టుకుంది, అక్కడా పర్రుమంది. మూడోచోట పట్టుకోకుండానే ముక్కలై కిందికి జారింది. జరీ పొడిపొడిగా రాలింది.

"గాలి తగలనివ్వలేదు... ఎండ చూపలేదు... ఒక్కసారైనా మడత మార్చలేదు... చీకిపోయిందే నా చీర!" అంటూ ఆదెమ్మ కూలబడింది.

పేరిందేవి అబద్ధమాడి దొరికిపోయి ఉంటే, ఆ చిరుగులన్నీ ఆమె నెత్తినే పడేవి. కానీ తన తప్పు తానే చెప్పిన మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఆదెమ్మ బొంత మీది ఎర్ర పేలికను పట్టి లాగి చూసింది. కింద నూలు పొరలు, చుట్టూ ఆ వంకర కుట్లు. గట్టిగా నిలిచింది. బిడ్డ దాని మీద కాళ్ళు ఆడిస్తున్నాడు.

ఆదెమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. బిడ్డను ఎత్తుకుంది. కోడలి చెయ్యి పట్టుకుంది. "చీర ముట్టినవాళ్ళు గడప దాటాలని ఒట్టేశాను. ఇప్పుడు నేనూ ముట్టాను. పదవే, ఇద్దరం పోదాం" అంది.

"అమ్మో!" అన్నారు పేరంటాళ్ళు.

అత్తా కోడళ్ళు గడప దాటారు. వాకిట్లో నిలబడి బిడ్డకు సూర్యుణ్ణి చూపించారు. మళ్ళీ గడప దాటి లోపలికి వచ్చారు. అప్పుడు ఆదెమ్మ ఎర్ర పేలిక మీద చెయ్యి వేసి, "ఇది నాయనమ్మ పెళ్ళి చీర. నాకంటే నిండా ఆయువు పోసుకో నాయనా" అని దీవించింది.

అందుకే పెద్దలంటారు: దాచిన పట్టు మడతల్లో చీకుతుంది, దాచిన తప్పు మనసులో చీకుతుంది; రెంటినీ వెలుగులోకి తెచ్చినవారే సుఖపడతారు.