రెండో పడక కుర్చీ

పెళ్ళయిన నాటి నుంచీ మంగాయమ్మ పైకి అనని మాట ఒకటుంది: మొగుడికంటే తనే రెండేళ్ళు పెద్ద. పెద్దలు దాచమన్నారు, దాచింది. రేపు కొడుకు గోపి పట్నం నుంచి వస్తూ, నాన్న పెద్దవారయ్యారని పడక కుర్చీ తెస్తున్నాడు. ఆవిడ మోకాళ్ళ మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఆ మోకాళ్ళకే నూనె రాసుకుంటూ కూతురి పిల్లల పక్కన చేరింది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక తాత, ఒక అవ్వ, వాళ్ళకో బంగారం లాంటి కోడలు.

"ఊ కొడుతున్నారా?"

"ఊ!"

ఆ ఊరి రాజు మంచివాడే, కాస్త తిక్క. అరవై దాటినవాళ్ళు పని చెయ్యకూడదని చాటింపు వేయించి, ఇంటికో పడక కుర్చీ పంపాడట. తాత ఎక్కి కూర్చున్నాడు. మరి మా అత్తకో అంది కోడలు. ఆవిడకెన్నేళ్ళు అన్నారు భటులు. అవ్వ నోరు విప్పలేదు. ఇంట్లో ఉండే ఆడదానికి పనేముందిలే అని నవ్వి పోయారట. కోడలు ఊరుకుందా? రాజుగారినే భోజనానికి పిలిచింది.

"రాజు వస్తాడేంటి అమ్మమ్మా?" అన్నాడు తరుణ్.

"పనసపొట్టు కూరంటే రాడూ మరి!"

వచ్చి, సుఖమేనా తాతా అన్నాడట. కుర్చీ చలవ, మహా సుఖం అన్నాడు తాత. అప్పుడందుకుంది కోడలు. కూర్చుంటే దాహం, దాహానికి నీళ్ళు, నీళ్ళకి చేద, చేదకి తాడు, తాడుకి చెయ్యి, ఆ చెయ్యి అవ్వది! ఆకలేస్తే అన్నం, అన్నానికి పొయ్యి, పొయ్యికి పుల్లలు, పుల్లలకి నడుము, ఆ నడుమెవరిది?

"అవ్వదే!" అని అరిచారు పిల్లలు.

రాజుగారి చేతిలో ముద్ద ఆగిపోయింది. అవ్వా, నీకెన్నేళ్ళు అన్నాడు.

మంగాయమ్మ వసారా వైపు ఒకసారి చూసింది.

"తాతకంటే... రెండేళ్ళు పెద్ద అందట."

"మరి కుర్చీ ముందు అవ్వకే రావాలి కదా!" అంది లాస్య.

"వచ్చిందిగా! రెండో కుర్చీ కోటలోంచే వచ్చింది. ఒక పూట అవ్వ నీళ్ళు తోడితే ఒక పూట తాత. తాతకి ఆకలి పెరిగింది, అవ్వకి నిద్ర పట్టింది. అడగందే రాజుకైనా తెలీదర్రా. ఇక కథ కంచి బస్సెక్కింది, మనం దుప్పట్లోకి."

"మంగా, మంచినీళ్ళు!" అని మొగుడి కేక వసారాలోంచి.

"కుండలో ఉన్నాయండీ, ముంచుకోండి!"

గోపి ఇంకా పడుకుని ఉండడు. ముందు వయసు చెప్పాలి, తరవాత రెండు కుర్చీలు తెమ్మనాలి. మంగాయమ్మ తలగడ కింద ఫోను కోసం తడుముకుంది.