పిట్టల దిబ్బ మీద పలకరింపు

మీరావలికి మాట్లాడే మనిషి లేక నోరు పిడచకట్టుకుపోయింది. మనిషన్నాక ఓ పలకరింపు ఉండాలి కదండీ!

ఏరు సముద్రంలో కలిసేచోట ఓ ఇసక దిబ్బ ఉంది. ఏటా ఎండాకాలం తెల్ల పిట్టలు గుంపులుగా వచ్చి అక్కడ గుడ్లు పెడతాయి. గూడూ పాడూ ఏమీ లేదు, వట్టి ఇసకే. గుడ్డుకి ఎండ తగలకుండా తల్లి దాని మీద కూర్చోవాల్సిందే. ఆ గుడ్లు ఏరుకుపోయేవాళ్లని ఆపడానికి ఖాదర్ షా బాబా తన శిష్యుడు మీరావలిని దిబ్బ కొసన ఓ పాకలో పెట్టాడు.

శుక్రవారం వస్తే, పోటు చూసుకుని బాబా పడవ అవతలి కొసకి వచ్చేది. మంచినీళ్ల కుండ దించేవాడు, వెళ్లిపోయేవాడు. ఇటు తిరిగి ఓ కేకైనా వేసేవాడు కాదు. సముద్రం వెనక్కి తగ్గాక, మీరావలి అంచునున్న తడి ఇసక మీదుగా వెళ్లి కుండ తెచ్చుకునేవాడు.

"ఏమ్మా, బాబా కులాసానా?" అని కుండనే అడిగేవాడు పాపం.

ఓ శుక్రవారం ఇక ఉండబట్టలేకపోయాడు. పడవ కనబడగానే పిట్టల మధ్య నుంచే పరుగెత్తాడు. దిబ్బ దిబ్బంతా గాల్లోకి లేచి గోల పెట్టింది.

"చూశారా బాబా! ఈ పిట్టలకున్నపాటి ప్రేమ మీకు లేదు. నేను కనబడితే చాలు, లేచొచ్చి పలకరిస్తాయి. నేనిక్కడ ఉండను, తీసుకుపోండి."

"అలాగే నాయనా, ముందు కూర్చో" అన్నాడు బాబా. అంటూనే మీరావలి తల మీది తలపాగా తన చేత్తో విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏం వండుకుంటున్నావు? నిద్ర పడుతోందా? మోకాలి నొప్పి ఎలా ఉంది?"

మీరావలికి ప్రాణం లేచొచ్చింది. చెప్పాడు, చెప్పాడు, చెబుతూనే ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ.

"బాబా, తలపాగా..."

"ఉండరా, పలకరిస్తున్నాను కదా! మీ అమ్మ నిన్ను అడిగింది."

"మాడు కాలిపోతోంది బాబా!"

బాబా దిబ్బ వైపే చూస్తూ కూర్చున్నాడు. మీరావలి కూడా అటు చూశాడు. తల్లులు ఇంకా గాల్లోనే ఉన్నాయి, కింద గుడ్లు ఎండలో పడి ఉన్నాయి.

ఆఖరి పిట్ట దిగి ఇసకలో సర్దుకుని కూర్చున్నాక, బాబా తలపాగా తీసి శిష్యుడి తలకి చుట్టాడు.

"పడవెక్కుతావా?"

మీరావలి తల అడ్డంగా ఊపాడు.

పడవ వెళ్లిపోయింది. నీళ్లు తగ్గేదాకా అక్కడే ఒక్కడూ నిలబడి, తడి ఇసక మీదుగా పాకకి చేరుకున్నాడు.

మరుసటి శుక్రవారం పడవ వచ్చింది. కుండ దిగింది. మీరావలి పాక ముందు నిలబడి నెమ్మదిగా చెయ్యెత్తాడు.

అవతలి కొసన ఓ చెయ్యి లేచింది.

పిట్ట ఒక్కటీ లేవలేదు.